సాంచాల మోతలో నేర్చిన మాట

తలుపు చెక్కదైతే బాగుండేది. మూసుకున్నాక మూసుకున్నట్టే ఉండేది, నేను ఈ బల్ల మీద కూర్చుని ఎదుటి గోడను చూసుకుంటూ లోపల ఏం జరుగుతున్నదో తెలియని మనిషిలా కాలం వెళ్లదీసేదాన్ని. ఇది నిలువెత్తు అద్దం తలుపు. అవతల ఏసీ గది, పొడుగు బల్ల, బల్లకు అటువైపు ముగ్గురు, ఇటువైపు ఒక కుర్చీ, ఆ కుర్చీలో నా బిడ్డ వందన ఇప్పుడే పోయి కూర్చుంది. కుర్చీ ఏటవాలుగా ఉంది కాబట్టి మొహం సగం ఇటు కనిపిస్తున్నది, పెదవులు కనిపిస్తున్నాయి. నాకు అవి చాలు. ఈ వరండాలో ఉన్న మిగతా తల్లిదండ్రులకు అద్దం అవతల ఎవరో నోళ్లు కదుపుతున్నట్టు మాత్రమే కనబడుతుంది, అందుకే వాళ్లు ఫోన్లలో తలలు దూర్చారు. నాకు మాటలే కనబడతాయి. మాది సిరిసిల్ల, మరమగ్గాల ఊరు, మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. షెడ్డులో సాంచాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్క మనిషి ప్రాణం పోతున్నదని అరిచినా వినపడదు. అందుకని మేం చెవులను ఇంటి దగ్గర వదిలిపెట్టి పనికి పోతాం. పెదవులు చూసి వింటాం, పెదవులు కదిపి చెప్తాం, ఆ మోతలో గొంతు పెట్టడం దండుగ కాబట్టి గొంతు పెట్టం. ఆ చివర నూలును కండెలకు చుట్టే పోశవ్వ ఈ చివర ఉన్న నాకు తన కోడలి ముచ్చట మొత్తం చడీచప్పుడు లేకుండా చెప్పేస్తుంది, ఇద్దరం పడీపడీ నవ్వుకుంటాం, ఆ నవ్వు కూడా వినపడదు. అట్లా నేర్చిన కళ్లు నావి. వందన కళ్లు కూడా అవే, పెదవులు కూడా అవే. ఇప్పుడు నన్ను కూర్చోనీయకుండా చేస్తున్నది అదే. ఆ అద్దంలోంచి నాకు కనబడనిది ఒక్కటే ఉంది. కదులుతున్న ఆ పెదవుల వెనక గొంతు వస్తున్నదా లేదా అన్నది.

పోయిన ఆదివారం దాకా ఈ సంగతి నాకు తెలియదు. తెలియదంటే ఎవరైనా నవ్వుతారు, కన్నతల్లివి నీకు తెలియదా అంటారు, అననీ. ఆ రోజు కరెంటు మరమ్మతని లైన్ బంద్ పెట్టారు, సాంచాలన్నీ నిలిచిపోయాయి, మా గల్లీ గల్లీ అంతా చెవుల్లో దూది పెట్టుకున్నట్టు అయిపోయింది. వెనక గల్లీలో ఉండే తిరుమల డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు, ఇంటర్వ్యూ అంటే ఎట్లుంటదో ఒకసారి చేయించి చూపిస్తా బాలక్కా అని తనే వచ్చింది. మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఆమెకు, వందనకు స్టూలు, నేను గోడకు చేరగిలబడి నిలబడ్డాను. నీ పేరేంది, మీ ఊరేంది, ఏం చదువుతవు, ఎందుకు చదువుతవు. వందన ఒక్కొక్కటికి జవాబు చెప్పుకుంటూ పోయింది. నేను నేర్పిన జవాబులే, ఒక్క మాట తప్పు పోలేదు, ఒక్క చోట తడుముకోలేదు. నా ఛాతీ ఇంత వెడల్పు అయింది. అయిపోగానే శభాష్ బిడ్డా అని చప్పట్లు కొట్టాను. తిరుమల కుర్చీలోంచి తిరిగి నా దిక్కు చూసింది, ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. "ఏం శభాష్ బాలక్కా? పిల్ల ఇప్పటిదాంక ఒక్క మాట మాట్లాడలే గదా" అన్నది. వందన తెల్లబోయింది. "అన్ని చెప్పిన గద మేడం!" అన్నది. ఆ ఒక్క మాటకు మటుకు గొంతు వచ్చింది. "ఏడ చెప్పినవే, పెదవులు ఆడిచ్చినవ్ గంతే, నాకు ఒక్క ముక్క వినబడలే." చెప్పిన పిల్లకు తను గొంతు పెట్టలేదని తెలియదు. విన్న నాకు ఆమె గొంతు పెట్టలేదని తెలియదు. షెడ్డులో కండెలు చుట్టుకుంటూ, సాంచాల మోతలో, నెల రోజులుగా ఇద్దరం ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేశాం. నేను అడిగేదీ పెదవులతోనే, ఆమె చెప్పేదీ పెదవులతోనే. ఎంత బాగా తయారు చేశానో చూడు, గొంతు ఒక్కటి తప్ప అన్నీ నేర్పాను.

ఆ తరువాత ఈ నాలుగు దినాలూ ఇంట్లో యుద్ధమే. గట్టిగ చెప్పు, ఇంకా గట్టిగ, గొంతు తెరువు. మెడ కింద పిడికిలి పెట్టి వేళ్లు విప్పితే గొంతు తెరువు అని గుర్తు, అది మా ఇద్దరికే తెలిసిన గుర్తు, ఈ నాలుగు దినాల్లోనే పుట్టింది. మామూలు ముచ్చట్లకు గొంతు వస్తుంది, అవ్వా ఆకలైతంది అని నన్ను అడుగుతుంది, బాపు ఫోన్ చేసిండు అంటుంది, వాకిట్లో పిల్లలతో కొట్లాడుతుంది. ఎవరన్నా ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగితే చాలు, పెదవులు మాత్రమే కదులుతాయి. తిరుమల డాక్టర్ దగ్గరికి తీసుకుపొమ్మన్నది. దీనికి డాక్టరు ఎందుకు, దీనికి కారణం నాకు తెలియదా? ఆ బడి. ఆ బడి గేటు ముందు నుంచి ఇప్పటికీ నేను నడిచిపోను, చుట్టు తిరిగి పోతాను, ఆ గోడ మీది రంగు బొమ్మలు చూస్తే నా చేతులు ఊరుకోవు. వందన అప్పుడు ఐదో తరగతి. సాంచాల షెడ్డు పక్కన పుట్టి పెరిగిన పిల్ల ఇంట్లో ఎట్లా మాట్లాడుతుంది? అరిచి మాట్లాడుతుంది. మా గల్లీలో పసిపిల్ల కూడా అరిచే మాట్లాడుతుంది, లేకపోతే దానికి పాలు దొరకవు. బడిలో కూడా అట్లాగే మాట్లాడింది. మీ పిల్ల ఒర్రుతది, మీ పిల్ల ఒర్రుతది అని దినాం డైరీలో రాసి పంపేది ఆ టీచరు. నేను పట్టించుకోలేదు. ఒక దినం మధ్యాహ్నం సద్ది పట్టుకుని పోయాను. తరగతి గది వెనక గోడ దగ్గర నా బిడ్డ నిలబడి ఉంది, మూతికి అట్టపెట్టెలకు వేసే గోధుమరంగు టేపు అడ్డంగా వేసి ఉంది, కళ్లు రెండూ కారుతున్నాయి, చేతులు కట్టుకుని ఉంది. మిగతా పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. టీచరు ఏమీ జరగనట్టు బోర్డు మీద రాసుకుంటున్నది.

నేను ఆ టేపును గుంజిన చప్పుడు ఇప్పటికీ నా వేళ్లలో ఉంది. పిల్ల పెదవి మీద తోలు లేచింది. అప్పుడు ఆ బడిలో నా గొంతు ఎంత లేచిందో సిరిసిల్ల మొత్తానికి తెలుసు, నాకు మైకు అక్కరలేదని మా ఊళ్లో పేరు. కండెలు చుట్టే ఆడవాళ్లకు కూలి పెంచమని లేబర్ ఆఫీసు ముందు కూర్చున్ననాడు మైకు కాలిపోతే రోడ్డు అవతల టీకొట్టు దాకా వినబడేటట్టు మాట్లాడినదాన్ని. హెడ్‌మాస్టరు ఉరికి వచ్చాడు. "గిది డిసిప్లిన్ అమ్మా, అందరు పిల్లలకు ఒక్కటే రూల్. నచ్చకపోతే టీసీ తీస్కపోండి" అన్నాడు. నీ టీసీ నీ దగ్గరనే పెట్టుకో, నా బిడ్డకు నేనే బడి అని చెప్పి, చెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ బయటకు వచ్చాను. గేటు దగ్గర వందన వెనక్కి గుంజింది. అవ్వా నా నీళ్ల సీసా, నా సీసా గాడనే ఉన్నది అన్నది. ఎవడిక్కావాలె నీ సీసా, నడువు అన్నాను. వెనకకు తిరగలేదు. ఎందుకు తిరగాలి? ఆ గడప మళ్లీ తొక్కితే నేను చేసింది ఏమిటి? ఇంటికి వచ్చాక అంబదాస్, నా పెనిమిటి, అంతా విని సాంచా మీద తెగిన పోగు ముడివేశాడు. ఆయన మాట తక్కువ మనిషి, చేతులతో ఆలోచిస్తాడు. తరువాత ఒక్క మాట అన్నాడు. "గుంజుకొచ్చినవ్ మంచిదే. మరి రేపు పొద్దుగాల ఏం జేద్దాం?"

రేపు పొద్దున్నుంచే మొదలు పెట్టాను. నేను చదివింది ఏడో తరగతి. ఆ తరువాత నేను చదివిందంతా నాకు నేను చదువుకున్నదే, నూలు పెట్టెల్లో అడుగున పరిచి వచ్చే పాత పేపర్లు, యూనియన్ కరపత్రాలు, కార్మిక చట్టాల పుస్తకం. ఆ పుస్తకంలో ప్రతి పేజీనీ ఆఫీసర్లతో కొట్లాడటానికి కంఠతా పట్టాను. నాకు వచ్చింది మొత్తం బిడ్డకు పోశాను. లెక్కలు వాళ్ల బాపు చెప్పాడు, పడుగు చుట్టే బీముకు ఎన్ని పోగులు, అంగుళానికి ఎన్ని, గుడ్డ వెడల్పు ఎంత, వాటితోనే మొదలై ఎక్కడికో పోయింది, ఆయనకు అందనంత దూరం పోయాక ఫోనులో పాఠాలు చూసుకుని తనే నేర్చుకుంది. ఇంగ్లీషు కూడా అట్లాగే. ఓపెన్ స్కూల్‌లో పది రాసింది, ఇంటర్ రాసింది, రెండింటిలోనూ మార్కులు చూసి మా గల్లీ నోరు మూసుకుంది. మూసుకుని మళ్లీ తెరిచింది. బడికి పోని పిల్లకు కాలేజీ సీటు ఎవడిస్తడే బాలలక్ష్మీ అని. వాళ్లు అన్నట్టే అయింది, అదే నాకు మంట. పోయిన చోటల్లా స్టడీ సర్టిఫికెట్ అన్నారు, ఆరు నుంచి ఎక్కడ చదివిందో కాగితం కావాలన్నారు, ఇంట్లో చదివింది అంటే ఇల్లు ఏ మేనేజ్‌మెంట్ కిందికి వస్తదమ్మా అని ఒక క్లర్కు నవ్వాడు. వాడి టేబుల్ గుద్ది వచ్చాను, సీటు మాత్రం రాలేదు. ఈ ఒక్క కాలేజీ కాగితాల కన్నా పిల్లతో మాట్లాడి చూస్తామన్నది. హైదరాబాద్‌లో హాస్టలూ చదువూ అన్నీ వాళ్లే చూస్తారు, మన వైపు జిల్లాల పిల్లల కోసం కరీంనగర్‌కే వచ్చి ఇంటర్వ్యూలు పెట్టారు. ఈ తలుపు కూడా మూసుకుంటే ఇక తలుపుల్లేవు. రేపటి నుంచి పోశవ్వ పక్కన ఇంకో రాట్నం వేసి వందనను కూర్చోబెట్టాలి. కూర్చుంటుంది, ఏమీ అనదు. అదే నాకు భయం. ఏమీ అనకుండా కూర్చుంటుంది.

మాట్లాడి చూస్తామన్నారు. మాట్లాడితే కదా చూసేది.

పక్కనున్నాయన గొంతు సవరించుకున్నాడు. ఇందాకటి నుంచి నాతో ముచ్చట పెట్టాలని చూస్తున్నాడు, పేరు రాయమల్లు, చొప్పదండి నుంచి కూతురిని తీసుకుని వచ్చాడు, మస్కట్‌లో పదేళ్లు డ్రైవర్‌గా చేసి వచ్చానని నేను అడగకుండానే చెప్పాడు. ఆయన కూతురు వందన తరువాత లోపలికి పోవాలి, అవతలి బల్ల మీద కళ్లు మూసుకుని ఏదో జపం చేస్తున్నది. "గా మధ్యల కూసున్న మేడమే అసలు అడుగుతదట తల్లీ, పక్కోళ్లు ఉత్తగనే" అన్నాడు. "మా పిల్లను స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పంపిన. ఇంట్ల గూడ ఇంగ్లీషే మాట్లాడుమన్నడు సారు. ఇంగ నాతోని మాట్లాడుడే బంద్ జేసింది." తనే నవ్వాడు. నేను నవ్వలేదు, నా కళ్లు తలుపు మీద ఉన్నాయి. "నీ పిల్ల పోయిందా లోపటికి? ఫికర్ జెయ్యకు తల్లీ. ఏ బడి?" అన్నాడు. బడి లేదు, ఇంట్లోనే చదివింది అన్నాను. "అంటే?" అన్నాడు. అంటే ఇంట్లోనే చదివింది అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి మళ్లీ ఫోను తీసుకున్నాడు. ఈ చూపు నాకు అలవాటే, ఈ చూపును ఏడేళ్లుగా తింటున్నాను, తిని అరిగించుకుంటున్నాను.

లోపల ఇంగ్లీషు నడుస్తున్నది. ఇంగ్లీషు నాకు పెదవుల మీద అందదు, ఆకారాలు కనబడతాయి కానీ అర్థం రాలదు. లాప్‌టాప్ ముందున్న కుర్రాడు ఏదో అడిగాడు, వందన పెదవులు కదిలాయి. బట్టతల ఆయన తల ఊపాడు. తల ఊపాడంటే వినబడినట్టా, వినబడకపోయినా మర్యాదకు ఊపాడా? మధ్యలో జుట్టు కత్తిరించుకున్న తెల్లవెంట్రుకల మేడం పెన్ను పట్టుకుని వందన మొహమే చూస్తున్నది, ఏమీ రాయడం లేదు. రాయి తల్లీ, ఏదన్నా రాయి. వందన చేతులు ఒళ్లో ఉన్నాయి, బొటనవేలుతో బొటనవేలు గీరుతున్నది, షెడ్డులో పోగు తెగిపోయినప్పుడు వేళ్లు అట్లాగే ఆడతాయి. ఇది ఇంగ్లీషు కాబట్టి సరే. అసలు ప్రశ్న ఇంకా రాలేదు. అది వస్తుంది, అది రాకుండా ఎట్లా ఉంటుంది, బడికి ఎందుకు పోలేదు అని అడగకుండా ఎవరు వదులుతారు. దానికోసమే నెల రోజులు తయారు చేశాను. జవాబు నేనే కట్టాను, ఒక్కొక్క మాట ఏరి కట్టాను. బడి అంటే పిల్లల నోరు మూయించే కార్ఖానా. నా నోటికి టేపు వేసిన బడిని నా తల్లి ధిక్కరించింది. సాంచాల షెడ్డే నా బడి, కార్మికులే నా గురువులు, కొట్లాటే నా పాఠం. ఎంత బాగుంది! చెప్తుంటే నాకే రోమాలు లేచేవి. పొద్దున ఫస్టు బస్సులో, వేములవాడ దాటాక, చివరిసారి చెప్పించుకుందామని అడిగితే వందన కిటికీ నుంచి మొహం తిప్పలేదు.

"అవ్వా, గది స్టేజి మీద చెప్పేది."

"చెప్తే తప్పేంది? నిజమే గదా?"

"నిజమే. గని గది నీ జవాబు."

"మరి నీదేంది? చెప్పు, వింట."

బయట వరికోతల మిషన్లు నడుస్తున్న పొలాలు, కొత్తపల్లి దగ్గర బస్సు ఆగితే ఎక్కిన కాలేజీ పిల్లల అరుపులు, వందన వాళ్లను చూసింది, వాళ్లు దిగేదాకా చూస్తూనే ఉంది. నా జవాబు కానిది నీ జవాబు ఏమిటే? నీ బతుకులో నాకు తెలియని జవాబు ఎక్కడిది? ఏడేళ్లు పొద్దుమాపు నా పక్కనే ఉన్నావు, నీ పెదవుల మీద ఏ మాట పుట్టినా ముందు నాకే కనబడింది. బస్సులో పక్కపక్కన కూర్చుంటే మాత్రం పెదవులు కనబడవు. కిటికీ అద్దంలో కనబడ్డాయి కాసేపు, మూసుకుని ఉన్నాయి.

ఇప్పుడు తెల్లవెంట్రుకల మేడం ముందుకు వంగింది. చెవి ఇటు తిప్పింది. ఆమె పెదవులు తెలుగులోకి వచ్చాయి, మన వైపు తెలుగు కాదు, అయినా అందింది నాకు, స్పష్టంగా అందింది. కొంచెం గట్టిగా చెప్పమ్మా, వినపడట్లేదు. అయితే ఇప్పటిదాకా రాలేదు! ఇంగ్లీషులోనూ రాలేదు, తల ఊపింది మర్యాదకే! వందన మళ్లీ చెప్పింది. నాకు కనబడింది, సిరిసిల్ల మేడం, సాంచాల షెడ్డు మేడం, తుచ తప్పకుండా కనబడింది, మేడం మొహం మాత్రం మారలేదు. కుర్రాడు నీళ్ల గ్లాసు జరిపాడు. వందన తాగింది. బట్టతల ఆయన గోడ మీది గడియారం చూశాడు. వాడికేం, ఇంకో పిల్ల ఉంది బయట. నేను లేచాను. లేచానని తెలిసేసరికి అద్దం దగ్గర ఉన్నాను. మెడ కింద పిడికిలి పెట్టి వేళ్లు విప్పాను. చూడలేదు. మళ్లీ విప్పాను, రెండు చేతులతో, ఇంత పెద్దగా. గొంతు తెరువు బిడ్డా. జవాబు మరిచిపోయినావా, నేను అందిస్తా, నా పెదవులు చూడు, నా పెదవులు చూసి చెప్పు. బడి అంటే పిల్లల నోరు మూయించే...

"ఏ, ఏం జేస్తున్నవమ్మా ఆడ?" అటెండరు హనుమండ్లు స్టూలు మీది నుంచి లేచాడు. పొద్దున్నుంచీ పేర్లు పిలుస్తున్న ముసలాయన. "గట్ల సైగలు జెయ్యద్దు, లోపటోళ్లు చూస్తే పిల్లకే నష్టం. వచ్చి కూసో."

"ఒక్క నిమిషం అన్నా."

"ఒక్క నిమిషం లేదు, అర నిమిషం లేదు. కాపీ కొట్టిస్తున్నవా ఏంది?"

అప్పుడు వందన చూసింది. తల తిప్పి నేరుగా నా కళ్లలోకి చూసింది. నా పిడికిలి మెడ కింద ఉంది, నా పెదవులు సగం మాట మీద ఆగి ఉన్నాయి. ఆ ముగ్గురు కూడా ఆమె చూపు వెంట ఇటు చూశారు. వందన పెదవులు కదిలాయి, అది నా కోసమే, అందులో గొంతు లేదని నాకు చెవులు లేకపోయినా తెలుసు. చూడకు అవ్వా. అంతే. తరువాత లేచి నిలబడింది. లేచిందంటే అయిపోయింది, బయటకు వచ్చేస్తున్నది అనుకున్నాను, నా చేతులు అద్దానికి అంటుకుపోయాయి. బయటకు రాలేదు. కుర్చీని రెండు చేతులతో పట్టి ఎత్తింది, తిప్పింది, వీపు పూర్తిగా నా దిక్కు పెట్టుకుని కూర్చుంది.

వీపు. జడ. జడకు నేను పొద్దున కట్టిన నల్ల రిబ్బను. ఇంకేం లేదు. పెదవులు లేవు. పుట్టిన తరువాత మొదటిసారి నా బిడ్డ ఏం చెప్తున్నదో నాకు తెలియదు. హనుమండ్లు నా భుజం పట్టుకుని బల్ల దగ్గరికి నెట్టాడు, కూర్చోలేదు, నిలబడే ఉన్నాను, ఈ దూరం నుంచి మేడం మొహం మాత్రం నేరుగా కనిపిస్తున్నది వందన భుజం మీదుగా. ఆ మొహంలో చిన్న నవ్వు, కుర్చీ తిప్పిన పిల్లను చూసి వచ్చిన నవ్వు, తరువాత నవ్వు పోయింది, పెదవులు కదిలాయి. అదే ప్రశ్న. బడికి ఎందుకు వెళ్లలేదమ్మా?

వందన వీపు ఒకసారి పైకి లేచింది, ఊపిరి పట్టినట్టు.

"మా బడిల నా మూతికి టేపు పెట్టిన్రు మేడం!"

అది అద్దంలోంచి వచ్చింది. పెదవులు చూసి తెలుసుకున్నది కాదు, చెవుల్లోకి వచ్చింది. వరండా మొత్తానికి వచ్చింది. ఫోన్లలో దూరిన తలలన్నీ లేచాయి, జపం చేస్తున్న రాయమల్లు కూతురు కళ్లు తెరిచింది. సాంచాల షెడ్డు గొంతు, ఐదో తరగతి గొంతు, డైరీలో రాసి పంపిన గొంతు, ఏడేళ్లు ఎక్కడ దాచిపెట్టిందో అట్లాగే ఉంది, ఇంకా మొద్దుగా అయి ఉంది. అద్గదీ బిడ్డా! ఇంక చెప్పు, కార్ఖానా అను, ధిక్కరించింది అను. మేడం చెయ్యి ఎత్తి నెమ్మదిగా అన్నట్టు సైగ చేసింది. వందన నెమ్మది కాలేదు.

"గదే దినం మా అవ్వ నన్ను బడి నుంచి గుంజుకొచ్చింది. టేపు పెట్టేటప్పుడు టీచర్ నన్ను అడగలే. గుంజుకొచ్చేటప్పుడు మా అవ్వ గూడ అడగలే. నాకు బడి కావాలెనుండె మేడం. నా దోస్తులంత గాడనే ఉండిరి. నా నీళ్ల సీసా గూడ గాడనే ఉండిపాయె."

ఏమిటి? ఏమన్నావు? అడగాలా? నీ పెదవుల మీద తోలు లేచి ఉంది, నెత్తురు చుక్క ఉంది, నిన్ను అడగాలా? ఇల్లు అంటుకుంటే లోపలున్న పిల్లను నువ్వు వస్తవా బిడ్డా అని అడిగి ఎత్తుకొస్తారా ఎవరన్నా? ఎన్ని రాత్రులు కళ్లు మండేదాకా ముందు నేను చదివి తరువాత నీకు చెప్పాను. నీకు బడి కావాలంటే ఒక్కసారి చెప్తే... చెప్పింది. సీసా అన్నది. గేటు దగ్గర అన్నది, గొంతుతో అన్నది. ఆ తరువాత, ఈ పొద్దున బస్సులో తప్ప, నాతో ఏ ప్రశ్నకూ జవాబు గొంతుతో అన్నట్టు గుర్తు లేదు నాకు, షెడ్డులో పెదవులతో చెప్పింది, నేను చూసి వింటూ వచ్చాను, పిల్ల బుద్ధిమంతురాలు అయింది అనుకున్నాను, పెద్దదయింది అనుకున్నాను. లోపలికి పోయి చెప్పాలి వాళ్లకు. తలుపు తోసుకుని పోయి, ఇది కాదు జవాబు, జవాబు నా దగ్గర ఉంది అని... హనుమండ్లు నా ముందు నిలబడి ఉన్నాడు, నన్ను ఆపుతున్నట్టు కాదు, ఆయన కూడా వింటున్నాడు.

"మా అవ్వ జేసింది తప్పని అనలేను. టేపు పెట్టే బడిల ఏ అవ్వ ఉంచుతది? ఒప్పని గూడ అనలేను. మా అవ్వ కొట్లాడుడు నేర్పింది నాకు, గది ఎవరి కోసమైనా కొట్లాడుమంటది, తనతోటి మటుకు నన్ను కొట్లాడనీయది. గీ జవాబు ఆమెకు తెల్వదు మేడం, ఆమె నేర్పింది వేరే ఉన్నది, గది గూడ వస్తది నాకు. ఆమె బయటనే ఉన్నది. నా మూతి చూస్తే ఆమె ముందే చదివేస్తది, గందుకే కుర్సీ తిప్పిన. వినబడాలెననే గింత గట్టిగ చెప్తున్న. మీకు గూడ వినబడుతుంది గదా?"

మేడం పెన్ను బల్ల మీద పెట్టేసింది. కుర్రాడు లాప్‌టాప్ మీది నుంచి చేతులు తీశాడు, బట్టతల ఆయన గడియారం చూడటం లేదు. ముగ్గురి మొహాలూ నా బిడ్డ మొహం మీదే ఉన్నాయి, ఆ మొహం నాకు కనబడదు. మేడం పెదవులు కదిలాయి. వినబడుతుందమ్మా, బాగా వినబడుతుంది. మరి ఇప్పుడు కాలేజీకి ఎందుకు రావాలనుకుంటున్నావ్? వందన దానికి కూడా చెప్పింది, ఈసారి మామూలు గొంతుతో, ఆ గదికి సరిపోయే గొంతుతో. మాట్లాడుతున్నదని భుజాలు కదలడంతో తెలుస్తున్నది. మేడం వింటున్నదని మొహంతో తెలుస్తున్నది. అద్దం దాటి ఇటు ఏమీ రాలేదు. నాకు వినిపించాల్సింది వినిపించేసింది, మిగతాది నాది కాదు.

రాయమల్లు ఫోను జేబులో పెట్టుకుని నా పక్కకు జరిగాడు, తలుపు దిక్కే చూస్తూ. "వామ్మో, గోడలు కదిలినయ్. గది నీ పిల్లనేనా తల్లీ? గట్ల ఒర్రుతుందేంది?"

నా బిడ్డనే అన్నాను. నా బిడ్డ వందన, సిరిసిల్ల, బడి మాన్పించింది నేనే, అన్నాను. వరండాలో అందరూ వినాలని అన్నాను, మైకు అక్కరలేని మనిషిని నేను. రాయమల్లు ఇటు తిరిగి నా మొహంలోకి చూశాడు. ఒక చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏందమ్మా? నోరు ఆడుతుంది గని మాట వస్తలేదు. జర గట్టిగ చెప్పు."